బొమ్మల పుస్తకంలో కొలతలు, లెక్కలు, ప్రయోగాలు: పిల్లలతో కలిసి ఎలా చేయాలి

పిల్లలకు కథలు చదివి వినిపించే పెద్దవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి. బొమ్మల పుస్తకంతో సైన్సు ఆట ఎలా మొదలుపెట్టాలి? మాకు సైన్సు అంతంతమాత్రంగానే వచ్చు, సరిపోతుందా? పిల్ల అడిగినదానికి జవాబు తెలియకపోతే ఏం చెప్పాలి? వీటన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇంకొకటి ఉంది: స్కేలు పట్టుకుని కూర్చుంటే కథలో ఉన్న అందం కాస్తా పోదా?

ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఒక్క షరతు పాటిస్తే పోదు. "ఏనుగు ఎగరదు, చందమామ అంత పెద్దగా ఉండదు, ఇదంతా అబద్ధం" అని తీర్పు చెప్పే ఆట కాదిది. "ఈ బొమ్మలో ఉన్నది జరగాలంటే ఏమేం కుదరాలి?" అని అడిగే ఆట. తీర్పు చెబితే కథ ఓడిపోతుంది, పిల్లవాడు మౌనంగా పేజీ తిప్పేస్తాడు. ఏమేం కుదరాలని అడిగితే మాత్రం కథను నిలబెట్టడానికి వాడే వాదనకు దిగుతాడు, ఆ వాదన కోసం వాడే కొలతలు వెతుక్కుంటాడు. కింద చెప్పే పద్ధతి అంతా ఈ తేడాను కాపాడుకోవడానికే.

సైన్సు ఎంత రావాలి అంటారా? గుణకారం, భాగహారం వస్తే చాలు.

కావలసినవి

- బాగా నచ్చిన, ఇప్పటికే చాలాసార్లు చదివిన బొమ్మల పుస్తకం ఒకటి. కొత్త పుస్తకం వద్దు.
- మిల్లీమీటర్లు ఉన్న పారదర్శకమైన స్కేలు. కింద బొమ్మ కనబడితే కొలత తేలిగ్గా తీయవచ్చు.
- కొలిచే టేపు, కాస్త దారం. వంకరగీతలు కొలవడానికి దారమే మేలు.
- పెన్సిలు, ఒక నోటుపుస్తకం. పుస్తకం పేజీల మీద గీతలు గీయకుండా ఉండాలంటే పల్చటి ట్రేసింగ్ కాగితం.
- ప్రయోగానికి: నిటారు గోడలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, కడిగిన గులకరాళ్ళు, కొలత గీతలున్న కప్పు.
- పేర్చడానికి పనికొచ్చే ఒకే సైజు చెక్క ఘనాలు ఒక ముప్పై. పాచికలైనా పర్వాలేదు.

హెచ్చరిక: మూడేళ్ళలోపు పిల్లలు దగ్గర్లో ఉంటే గులకరాళ్ళు, పాచికలు వాళ్ళకు అందనివ్వకండి, గొంతులో ఇరుక్కుంటాయి. గాజు సీసాలో రాళ్ళు వేయనివ్వకండి. అడుగు పగలడానికి ఒక్క రాయి చాలు.

మెట్లు

1. ముందు కథను కథలాగే చదవండి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, మధ్యలో ఆపకుండా. కొలతలు మరో పూటకు వాయిదా వేయండి. నిద్రపుచ్చే వేళ చదివే కథతో ఈ ఆట అసలే వద్దు. కథ చదివే సమయం, కొలిచే సమయం వేరువేరని పిల్లలకు ముందే తెలిస్తే రెండూ హాయిగా సాగుతాయి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం.

2. ఒకే ఒక ప్రశ్న ఎంచుకోండి. "ఈ పుస్తకంలో సైన్సు సరిగా ఉందా?" అన్నది ప్రశ్న కాదు, దానికి ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. ఎంత ఎత్తు, ఎంత బరువు, ఎన్ని, ఎంతసేపు, ఎంత దూరం, ఏ వైపు: వీటిలో ఏదో ఒకదానితో ప్రశ్న మొదలవ్వాలి. "రాక్షసుడు బలవంతుడా?" అని అడిగితే చర్చ గాల్లో తిరుగుతుంది. "రాక్షసుడి ఎత్తు ఎన్ని మీటర్లు?" అంటే చెయ్యి స్కేలు మీదికి పోతుంది.

ప్రశ్న పిల్లల నోటి నుంచి వస్తే మంచిది. రాకపోతే రెండు మూడు మీరు చెప్పి, వాటిలో ఒకటి వాళ్ళను ఎంచుకోమనండి.

3. కథకు వరాలు ఇవ్వండి. ఒక కాగితం మీద "వరాలు" అని రాసి, కథ పుట్టుకకే అవసరమైన వింతలను దాని కింద రాయండి. జంతువులు మాట్లాడతాయి. కుందేలు చొక్కా తొడుక్కుంటుంది. చెట్టుకు కళ్ళున్నాయి. వరం ఇచ్చినదాన్ని మళ్ళీ ఎవరూ ప్రశ్నించకూడదు. వరాల్లో లేనివన్నీ మన లోకం నియమాలే పాటించాలి: రాయి బరువు రాయిదే, నీళ్ళు పల్లానికే పోతాయి, నీడ వెలుగుకు ఎదురు వైపే పడుతుంది.

వరాలు మూడు దాటనివ్వకండి. అన్నిటికీ వరం ఇచ్చేస్తే కొలవడానికి ఏమీ మిగలదు.

4. కొలిచే ముందు ఊహ రాయించండి. ప్రతి ఒక్కరూ తమ అంకె తామే రాసి, కాగితం మడిచి పెట్టాలి. మీరూ రాయండి. పెద్దవాళ్ళ అంకె ముందే వినిపిస్తే పిల్లలు దాని చుట్టూనే తిరుగుతారు, అందుకే ఈ మడత.

5. బొమ్మలో కొలబద్ద వెతకండి. బొమ్మలో ఉన్న వస్తువుల్లో నిజ జీవితపు సైజు మనకు తెలిసినది ఏదో ఒకటి ఉంటుంది. తలుపు ఎత్తు సుమారు 2 మీటర్లు. భోజనాల బల్ల ఎత్తు 75 సెంటీమీటర్ల దరిదాపు. ఎదిగిన మనిషిని 1.6 నుంచి 1.7 మీటర్లు అనుకోవచ్చు.

లెక్క ఇంతే. బొమ్మలో తలుపు 4 సెంటీమీటర్లు, దాని పక్కనే నిలబడ్డ రాక్షసుడు 20 సెంటీమీటర్లు ఉన్నాడు. 20ని 4తో భాగిస్తే 5. అంటే రాక్షసుడు తలుపుకు 5 రెట్లు. తలుపు 2 మీటర్లయితే రాక్షసుడు 10 మీటర్లు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కొలబద్ద, కొలవాల్సిన వస్తువు బొమ్మలో ఒకే దూరంలో ఉండాలి. వెనకాల కొండ మీదున్న ఇంటి తలుపుతో ముందున్న రాక్షసుణ్ణి కొలిస్తే అంకె ఎటో పోతుంది. ఇద్దరి పాదాలూ నేల మీద దాదాపు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. రెండోది: బొమ్మల పుస్తకాల్లో మనుషులను కొలబద్దగా వాడేటప్పుడు తల కొలిచి చూడండి. నిజంగా ఎదిగిన మనిషి ఎత్తు తన తలకు ఏడు, ఏడున్నర రెట్లు ఉంటుంది. బొమ్మల్లో మూడు, నాలుగు రెట్లే ఉండటం మామూలు. అలాంటి మనిషిని వదిలేసి తలుపునో కుర్చీనో పట్టుకోండి.

ఒకే కొలతను ఇద్దరు విడివిడిగా తీయాలి. ఒకరికి 20, ఇంకొకరికి 20.5 వస్తే రెండూ రాయండి. ఎవరు తప్పని వాదించుకోవద్దు, ఆ తేడా కూడా జవాబులో భాగమే.

6. లెక్క వేయండి, వీలైతే చేసి చూడండి. దీన్ని మాటల్లో చెప్పడం కంటే ఒక పూర్తి ఉదాహరణ చూపించడం మంచిది. అందరికీ తెలిసిన కథే తీసుకుందాం.

పూర్తి ఉదాహరణ: కుండలో రాళ్ళు వేసిన కాకి

కథ మీకు తెలుసు. కుండ అడుగున నీళ్ళున్నాయి, కాకి ముక్కు అందదు. రాళ్ళు వేస్తుంది, నీళ్ళు పైకొస్తాయి, తాగి ఎగిరిపోతుంది. చాలా పుస్తకాల్లో కుండ పక్కన అరడజను రాళ్ళు గీసి ఉంటాయి. మన ప్రశ్న: ఆ కాకికి ఎన్ని రాళ్ళు కావాలి?

వరం ఒకటే ఇద్దాం: కాకికి ఈ ఆలోచన వచ్చింది. నిజానికి ఈ వరం కూడా అక్కర్లేదు. 2009లో క్రిస్టఫర్ బర్డ్, నేథన్ ఎమరీ అనే శాస్త్రవేత్తలు కాకి కుటుంబానికే చెందిన రూక్ పక్షుల ముందు నీళ్ళున్న గొట్టం పెట్టారు, నీళ్ళ మీద ఒక పురుగు తేలుతోంది. పక్షులు రాళ్ళు వేసి నీటిమట్టం పెంచి పురుగును అందుకున్నాయి. చిన్న రాళ్ళ కంటే పెద్దవి వేస్తే పని తొందరగా అవుతుందని కూడా నేర్చుకున్నాయి. కథలో అసలు ఆలోచన గట్టిదే. ఇక మిగిలింది లెక్క.

కుండను నిటారు డబ్బాగా అనుకుందాం, లెక్క తేలికవుతుంది. లోతు 20 సెంటీమీటర్లు, అడుగు వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు. నీళ్ళు సగం దాకా, అంటే 10 సెంటీమీటర్లు. కాకి అంచు మీద నిలబడి 4 సెంటీమీటర్ల లోతు దాకా ముక్కు పెట్టగలదనుకుంటే, నీళ్ళు 16 సెంటీమీటర్లకు రావాలి. పెరగాల్సింది 6 సెంటీమీటర్లు. 6ను 100తో గుణిస్తే 600 ఘనపు సెంటీమీటర్లు. అంత పరిమాణం ఉన్న రాళ్ళు వేయాలన్నమాట.

కాకి ముక్కుకు పట్టే రాయి రెండు సెంటీమీటర్ల మందం ఉంటుందనుకుందాం. దాని పరిమాణం దాదాపు 5 ఘనపు సెంటీమీటర్లు. 600ను 5తో భాగిస్తే 120 రాళ్ళు. ఒక్కో రాయి వెతికి, తెచ్చి, వేయడానికి అర నిమిషం పట్టినా మొత్తం గంట పని. ఒక్కో రాయి 13 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి అన్నీ కలిపి కిలోన్నర. కాకి బరువు సుమారు 300 గ్రాములు. తన బరువుకు ఐదింతలు మోసిందన్నమాట. ఈ అంకె విన్న పిల్లలకు కాకి మీద గౌరవం పెరుగుతుంది. కథలో "కష్టపడింది" అనే ఒక్క మాట వెనక ఎంత ఉందో అప్పుడు తెలుస్తుంది.

ఇంతటితో ఆపేసినా ఆట బాగానే ఉంటుంది. అయితే అసలు విషయం ఇంకా ముందుంది. నీళ్ళు సగం కాకుండా పావు వంతే ఉంటే? ఎక్కువ రాళ్ళు వేస్తే సరిపోతుందని అందరూ అంటారు. సరిపోదు. రాళ్ళ మధ్య సందులుంటాయి, నీళ్ళు ముందు ఆ సందుల్లోకే పోతాయి. ఇది చేసి చూడాల్సిన విషయం.

అ) ప్లాస్టిక్ డబ్బాను అంచు దాకా గులకరాళ్ళతో నింపండి. కప్పుతో కొలుస్తూ నీళ్ళు అంచు దాకా పోయండి. ఎన్ని నీళ్ళు పట్టాయో రాయండి.

ఆ) డబ్బా ఖాళీ చేసి, ఈసారి రాళ్ళు లేకుండా అంచు దాకా ఎన్ని నీళ్ళు పడతాయో కొలవండి.

ఇ) మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. గుండ్రటి రాళ్ళయితే 0.4కు అటూఇటూగా వస్తుంది. అంటే డబ్బా నిండా రాళ్ళున్నా పదింట నాలుగు వంతులు సందులే.

ఈ) ఇప్పుడు పావు వంతు నీళ్ళు పోసి, రాళ్ళు ఒక్కొక్కటే వేయండి. ప్రతి పది రాళ్ళకు నీటిమట్టం ఎక్కడుందో డబ్బా మీద గీత పెట్టండి. మొదట నీళ్ళు చకచకా పైకొస్తాయి. కాసేపటికి రాళ్ళ గుట్ట నీళ్ళ కంటే పైకి లేస్తుంది. ఆ తర్వాత ఎన్ని వేసినా నీటిమట్టం కదలదు.

మన 20 సెంటీమీటర్ల కుండలో 5 సెంటీమీటర్ల నీళ్ళుంటే, 5ను 0.4తో భాగించగా 12.5 వస్తుంది. రాళ్ళు కుండ నిండినా నీళ్ళు 12.5 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. కాకికి కావలసింది 16. దాహం తీరదు. మొదట్లో కనీసం ఎన్ని నీళ్ళుండాలి? 16ను 0.4తో గుణిస్తే 6.4 సెంటీమీటర్లు. కుండలో మూడో వంతు నీళ్ళుంటే చాలు, కాకి బతికినట్టే.

ఇక మీ పుస్తకం తెరవండి. బొమ్మలో నీటి గీత కనిపిస్తే కుండ లోతు, నీళ్ళ లోతు స్కేలుతో కొలిచి భాగించండి. 0.32 కంటే ఎక్కువ వస్తే ఆ కాకి గెలుస్తుంది. ఈ తనిఖీ పిల్లలు ఎంత ఆత్రంగా చేస్తారో చూడండి. ఇంట్లో ఈ కథ రెండు పుస్తకాల్లో ఉంటే ఏ పుస్తకంలో కాకి బతుకుతుందో తేల్చవచ్చు.

బొమ్మలో ఉన్నది నిటారు డబ్బా కాకుండా పొట్ట లావు, మెడ సన్నం ఉన్న కుండయితే? అప్పుడు లోతుల బదులు పరిమాణాలు పోల్చాలి. పైగా సన్నటి మూతిలోంచి పడ్డ రాళ్ళు సరిగ్గా మూతి కిందే గుట్టగా పేరుకుంటాయి, కుండ భుజాల దగ్గర ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీని కూడా నీళ్ళే నింపాలి. అందుకని అలాంటి కుండలో ఇంకా ఎక్కువ నీళ్ళుండాలి. పెద్దపిల్లలకు ఇది మంచి రెండో ప్రయోగం.

చేసేటప్పుడు గుర్తుంచుకోండి: రాళ్ళ సైజు డబ్బా వెడల్పులో పదో వంతు మించకపోతే మంచిది. సన్నటి డబ్బాలో పెద్ద రాళ్ళు వేస్తే గోడల పక్కన సందులు పెరిగిపోయి 0.4 కాస్తా 0.5 దాకా పోవచ్చు. రాళ్ళు లేకపోతే గోళీలు వాడండి. ఎండు గింజలు మాత్రం వద్దు, నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి.

7. కథను నిలబెట్టండి. లెక్క కథకు ఎదురుతిరిగినప్పుడు ఆట అయిపోలేదు, సగమే అయింది. "కాకి గెలవాలంటే ఏం మార్చాలి?" అని అడగండి. ఎక్కువ నీళ్ళా? రాళ్ళతో పాటు ఇసుకా? ఇసుక గింజలు రాళ్ళ సందుల్లో దూరి నీళ్ళను పైకి తోస్తాయి కదా? అక్కడ ఇంకో ప్రయోగం మొదలవుతుంది.

8. ఒక పేజీ నివేదిక రాయించండి. ప్రశ్న, వరాలు, ఊహలు, కొలతలు, లెక్క, జవాబు, ఇంకా తెలియనిది. ఏడు వరుసలు. చివరి వరుస ఖాళీగా ఉండకూడదు. తారీఖు, కొలిచిన వాళ్ళ పేర్లు తప్పకుండా వేయండి.

ఇదే పద్ధతిలో మరికొన్ని ప్రశ్నలు

రాక్షసుడు నిలబడగలడా? ఒక చెక్క ఘనం పెట్టండి. పక్కన దానికి రెండింతల ఎత్తు, వెడల్పు, లోతు ఉన్న ఘనం కట్టమనండి. ఎనిమిది ముక్కలు పడతాయి. కింద నేలను తాకేవి మాత్రం నాలుగే. మూడింతలు చేస్తే మొత్తం 27, కింద 9. ఎత్తు పెరిగేకొద్దీ బరువు ఎంత తొందరగా పెరుగుతుందో, దాన్ని మోసే పాదం ఎంత నెమ్మదిగా పెరుగుతుందో చేత్తో తెలిసిపోతుంది. అచ్చం మనిషి ఆకారంలోనే ఉండి పదింతల ఎత్తున్న రాక్షసుడు వెయ్యింతల బరువుంటాడు, వాడి ఎముకల అడ్డుకోత (ఎముకను అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం) మాత్రం వందింతలే. ప్రతి చదరపు సెంటీమీటరు ఎముక మీదా పదింతల భారం పడుతుంది. జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో రాసిన వ్యాసంలో తన చిన్నప్పటి బొమ్మల పుస్తకంలో ఉన్న రాక్షసులనే తీసుకుని ఈ లెక్క వేశారు. అడుగు వేసినప్పుడల్లా వాళ్ళ తొడ ఎముకలు విరిగిపోయేవని తేల్చారు. అంతకు చాలా ముందే, 1638లో అచ్చయిన పుస్తకంలో, పెద్ద జంతువు ఎముక ఎంత లావుగా ఉండాలో గెలీలియో బొమ్మ గీసి చూపించారు. కథను నిలబెట్టడానికి పిల్లలకు దారి ఇక్కడే దొరుకుతుంది: రాక్షసుడికి ఏనుగు కాళ్ళు గీయమనండి.

చందమామ అంత పెద్దగా ఎందుకుంది? చంద్రుడి అడ్డుకొలత 3,474 కిలోమీటర్లు, సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. దూరం అడ్డుకొలతకు సుమారు 110 రెట్లు. అంటే 1 మీటరు వెడల్పున్న తలుపును 110 మీటర్ల దూరం నుంచి చూస్తే అది చంద్రుడంత వెడల్పుగా కనిపిస్తుంది. బొమ్మలో చందమామ తలుపంత వెడల్పుందా? అయితే చిత్రకారుడు ఆ ఇంటికి 110 మీటర్ల దూరంలో కూర్చుని గీశాడు. 5 మీటర్ల ఇంటి వెడల్పంతా ఉందా? 550 మీటర్లు. "చందమామ తప్పుగా ఉంది" అనే బదులు "చిత్రకారుడు ఎక్కడ కూర్చున్నాడు?" అని అడిగితే అదే బొమ్మ ఎంత మారిపోతుందో చూడండి. నాకు ఈ ఆట మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఇది.

బెలూన్లు పిల్లను ఎత్తగలవా? 30 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి బెలూన్‌లో 14 లీటర్లు పడతాయి. లీటరు హీలియం సుమారు 1 గ్రాము ఎత్తుతుంది. బెలూన్ రబ్బరు బరువు 3 గ్రాములు తీసేస్తే 11 గ్రాములు మిగులుతుంది. 20 కిలోల పిల్లకు 1,800 పైచిలుకు బెలూన్లు కావాలి, దారాల బరువు అదనం. బొమ్మలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించి, వాటితో ఎంత బరువు లేస్తుందో చెప్పమనండి. ఐదు బెలూన్లు 55 గ్రాములు: ఒక కోడిగుడ్డు.

ఇంద్రధనుస్సు సరిగా ఉందా? ఎరుపు బయట, ఊదా లోపల. సూర్యుడు చూసేవాళ్ళ వీపు వెనక ఉండాలి. బొమ్మలో సూర్యుడు, ఇంద్రధనుస్సు పక్కపక్కనే ఉంటే అది కుదరదు. సూర్యుడు 42 డిగ్రీల కంటే పైనుంటే నేల మీద నిలబడిన వాళ్ళకు ఇంద్రధనుస్సు కనిపించదు కాబట్టి మిట్టమధ్యాహ్నపు బొమ్మలను కూడా అనుమానించాలి. రంగులు తిరగబడి ఉంటే తొందరపడకండి, పైన కనిపించే రెండో విల్లులో రంగుల వరుస నిజంగానే తిరగబడి ఉంటుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*పెద్దవాళ్ళే తప్పు దిద్దడం.* "పగటి పూట చంద్రుణ్ణి గీశారు, తప్పు" అని చాలామంది అంటారు. తప్పు కాదు, పగలు చంద్రుడు కనిపించడం మామూలే. ఆకాశం చూడకుండా బొమ్మను దిద్దకండి. నిజంగా దిద్దాల్సినవి వేరు: నెలవంక కొమ్ముల మధ్య నక్షత్రం ఉండటం కుదరదు, అక్కడ చంద్రుడి చీకటి భాగం అడ్డుగా ఉంటుంది. నడిరాత్రి నడినెత్తిన సన్నటి నెలవంక కూడా కుదరదు. నెలవంక ఉబ్బు ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంటుంది.

*ఎత్తు రెట్టింపు అయితే బరువూ రెట్టింపే అనుకోవడం.* దాదాపు అందరూ ఇక్కడే పడతారు. చెక్క ఘనాలు మళ్ళీ ముందు పెట్టండి.

*లేని కచ్చితత్వం చూపించడం.* క్యాలిక్యులేటర్ 9.8461 అని చూపిస్తే కొందరు అదే రాస్తారు. స్కేలుతో కొలిచిన బొమ్మకు "సుమారు 10 మీటర్లు" చాలు. కొలతలో అర సెంటీమీటరు తేడా ఉన్నప్పుడు జవాబులో నాలుగు దశాంశ స్థానాలకు అర్థం లేదు.

*గీయనిదాన్ని లేదనుకోవడం.* బొమ్మలో ఏడు రాళ్ళే ఉన్నాయంటే కాకి ఏడే వేసిందని కాదు, మిగతావి అప్పటికే కుండలో ఉండవచ్చు. బొమ్మ ఒక్క క్షణాన్నే చూపిస్తుంది.

*జీవుల విషయంలో అలవాటుగా చదివేయడం.* తేనె తెచ్చే ఈగలు, ఆహారం మోసే చీమలు ఆడవి. కథలో అవి "వాడు" అయితే ఆగి అడగవచ్చు. చీమకు ఆరు కాళ్ళు, ఆరూ నడిమి భాగానికే అతుక్కుని ఉంటాయి, పొట్టకు కాదు. సాలీడుకు ఎనిమిది. చిన్నపిల్లలతో ఆట మొదలుపెట్టడానికి కాళ్ళ లెక్క చాలా మంచిది.

*ఒకే కూర్చోవడంలో పుస్తకమంతా విప్పేయడం.* ఒక పూటకు ఒక ప్రశ్న. పిల్ల చూపు కిటికీ వైపు పోతే అక్కడే ఆపండి.

జవాబు సరిగా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

ముందు యూనిట్లు చూడండి. సెంటీమీటర్లు, మీటర్లు కలిసిపోతే జవాబు వందింతలు తేడా వస్తుంది, అది చూడగానే తెలిసిపోవాలి. అందుకే జవాబును ఎప్పుడూ తెలిసిన వస్తువుతో పోల్చమనండి: 10 మీటర్లంటే మూడంతస్తుల ఇల్లు. రాక్షసుడు ఇంటి కప్పు పక్కన గడ్డం ఆనించి ఉంటే సరే, కొండంత ఉంటే ఎక్కడో సున్నా తప్పింది.

తర్వాత ఇంకో కొలబద్దతో మళ్ళీ కొలవండి. తలుపుతో 10 మీటర్లు వచ్చింది, పక్కనున్న కుర్చీతో 9 వచ్చింది: బాగుంది. కుర్చీతో 25 వచ్చిందంటే చిత్రకారుడు ఆ రెండింటినీ ఒకే కొలతతో గీయలేదు. అప్పుడు ఒక్క జవాబు ఎంచుకోకండి. "9 నుంచి 25 మీటర్ల మధ్య" అని రాయండి, ఎందుకు అంత తేడానో కింద రాయండి.

ప్రయోగానికైతే ఒకే పరీక్ష: మరోసారి చేయండి. 0.4 మళ్ళీ 0.4 దగ్గరకే రావాలి. 0.5 వస్తే రాళ్ళు సరిగ్గా నింపలేదు, లేదా కప్పు గీతను ఏటవాలుగా చూశారు. నీటిమట్టాన్ని కంటికి సరిసమానంగా పెట్టుకుని చదవాలి.

వయసును బట్టి మార్పులు

నాలుగైదేళ్ళ వాళ్ళతో లెక్కపెట్టడం, పోల్చడం చాలు: ఎన్ని కాళ్ళు, ఏది పొడుగు, నీడ ఏ వైపు. స్కేలు బదులు వాళ్ళ చిటికెన వేలే కొలబద్ద. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళు కొలిచి, రెట్లు చెప్పగలరు, భాగహారం మీరు చేయండి. తొమ్మిది దాటితే మొత్తం వాళ్ళకే వదిలేయండి, మీరు రెండో కొలత తీసే మనిషిగా ఉండండి.

జవాబు తెలియని ప్రశ్న వచ్చినప్పుడు నివేదికలో చివరి వరుస ఉంది కదా, దాన్ని అక్కడ రాయించండి. "నాకు తెలియదు, ఎలా కనుక్కోవచ్చో చెప్పు" అనండి. ఆ కాగితాలను పుస్తకం వెనక అట్టలోనే మడిచి పెట్టండి. ఏడాది తర్వాత అదే పుస్తకం తీసి, పాత నివేదిక చూడకుండా మళ్ళీ కొలిపించి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. ఎక్కడ తేడా వచ్చిందో వెతకడం ఆ పూట ప్రశ్న.